సిగ్‌కామ్ మనకెందుకు అనే పెద్దలకు

“మనకెందుకండీ ఆ సిగ్‌కామ్‌లూ గిగ్‌కామ్‌లూ! ఏదో ఒక స్కోపస్ కాన్ఫరెన్సు చూసుకుని, ఫీజు కట్టి పేపరు పడేస్తే పోలా?” ఇంజనీరింగ్ ఫైనలియర్ పిల్లలకు ఈ సలహా ఇవ్వని పెద్దమనిషి మా వైపు అరుదు. గైడు చెబుతాడు, సీనియర్ చెబుతాడు, అమెరికాలో ఉన్న బావగారు ఫోన్లో చెబుతాడు. నాలుగేళ్లు తిరిగేసరికి విన్న పిల్లాడే జూనియర్లకు చెప్పడం మొదలుపెడతాడు.

కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లో పరిశోధన అనేది స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ వాళ్ల వ్యవహారమట. మరీ దగ్గరికొస్తే ఐఐటీల వ్యవహారమట. ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు మధ్య చేపల చెరువులు చూస్తూ కాలేజీ బస్సులో వెళ్లే పిల్లలకు మాత్రం పేపరంటే రెజ్యూమేలో ఒక లైను, గైడు గారికి కొన్ని పాయింట్లు. అంతకుమించి ఆశపడితే అమాయకత్వమట. దీనికి లోకజ్ఞానమని పేరు పెట్టారు. అందులో ఒకటి రెండు నిజాలు లేకపోలేదు, వాటి దగ్గరికీ వస్తాను. మొత్తంగా చూస్తే మాత్రం అది తప్పు. పైగా పిల్లలను ఏటా ముంచుతున్న తప్పు.

ముందు సిగ్‌కామ్ అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఏసీఎం అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘంలో డేటా కమ్యూనికేషన్ చూసే విభాగం పేరది, ఆ విభాగం ఏటా జరిపే కాన్ఫరెన్సుకూ అదే పేరు. యూసెనిక్స్ వాళ్ల ఎన్‌ఎస్‌డీఐ, ఇంటర్నెట్ కొలతల కోసమే ఉన్న ఐఎంసీ, వైర్‌లెస్ వాళ్ల మొబికామ్ కూడా ఆ వరసలోవే. మిగతా శాస్త్రాల్లో జర్నల్ పెద్దది, కాన్ఫరెన్సు చిన్నది. నెట్‌వర్కింగ్‌లో లెక్క తిరగబడి ఉంటుంది, అసలు పోటీ అంతా కాన్ఫరెన్సుల్లోనే. మన దగ్గర పాయింట్ల పట్టికలు తయారుచేసినవాళ్లు మిగతా శాస్త్రాలను చూసి చేశారు కనుక ఈ సంగతి వాటిలోకి సరిగా ఎక్కలేదు. “కాన్ఫరెన్సా? అయితే ఏదైనా ఒకటే” అనే అభిప్రాయానికి మూలం అక్కడే ఉంది.

ఆ రంగంలో పెద్ద పేపర్లు ఎక్కడ పుట్టాయో చూడండి. 1986 అక్టోబరులో అమెరికాలో ఇంటర్నెట్ చతికిలబడింది. లారెన్స్ బర్క్‌లీ ల్యాబుకూ బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు. ఆ 400 గజాల మధ్య డేటా వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. ల్యాబులో పనిచేసే వాన్ జేకబ్సన్ ఇదేమిటని తవ్వుకుంటూ పోయాడు. పంపేవాడు దారి రద్దీ చూసుకుని తగ్గకపోతే అందరూ కలిసి దారిని మూసేస్తారని తేల్చాడు, తగ్గే పద్ధతీ చెప్పాడు. అది 1988 సిగ్‌కామ్‌లో వచ్చింది. ఇవాళ మన ఫోన్లలో డేటా పంపే టీసీపీ అనే పద్ధతికి ఆ పేపరు వేసిన బాటే ఆధారం. గడప దాటితే కనిపించే 400 గజాల తంటా అది. దాన్ని ఆయన “లోకల్ సమస్య” అని వదిలేయలేదు.

మన దగ్గర అలాంటి తంటాలు లేవా? ఇక్కడే లోకజ్ఞానులు గట్టిగా నవ్వుతారు. “ఇక్కడ చెరువులూ రొయ్యలూ తప్ప ఏముందండీ పరిశోధించడానికి?” ఈ నవ్వుకు జవాబు 2007లోనే అచ్చయింది. సత్యం కంప్యూటర్స్ రాజు గారి కుటుంబం నడిపిన బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో పశ్చిమ గోదావరి పల్లెలను వైఫై లింకులతో కలిపే పని పెట్టుకుంది. వైద్యం, చదువు, వీడియోలో ముఖాముఖి సలహాలు పల్లెకు చేరాలన్నది ఉద్దేశం. వైఫై అసలు గదిలో వాడుకోవడానికి పుట్టింది. దాన్ని టవర్లెక్కించి, కిలోమీటర్ల దూరం పొలాల మీదుగా, కొబ్బరి చెట్ల మీదుగా పంపాలి. ఏ ఊరిని ఏ ఊరితో కలపాలి, ఎక్కడ ఎంత ఎత్తు టవరు వేయాలి, ఏ యాంటెన్నా ఎటు తిప్పాలి? రేడియోలు చవక, టవర్లే ఖరీదు. కనుక ఎత్తు లెక్క తప్పితే డబ్బంతా ఇనుములో పోతుంది.

అప్పట్లో ఐఐటీ కాన్పూర్‌లో ఉన్న సయన్‌దీప్ సేన్, భాస్కరన్ రామన్ ఈ లెక్కనే తీసుకున్నారు. ఖర్చు తక్కువ పడేలా మొత్తం నెట్‌వర్కును ప్లాన్ చేసే పద్ధతి రాశారు. అశ్విని నెట్‌వర్కు మీద దాన్ని నడిపి, ఇంతకంటే తగ్గదు అనుకునే కనీస ఖర్చు అంచనాకు 2 శాతం తేడాలోకి తెచ్చామని చూపించారు. కెనడాలోని బాన్ఫ్‌లో జరిగిన 2007 వరల్డ్ వైడ్ వెబ్ కాన్ఫరెన్సులో అది అచ్చయింది. కామేశ్వరి చేబ్రోలు, భాస్కరన్ రామన్ అదే ఏడాది ఐఈఈఈ కమ్యూనికేషన్స్ మ్యాగజైన్‌లో పల్లె వైఫై అనుభవాలు రాస్తూ అశ్విని గురించి చెప్పారు. అంతకు రెండేళ్ల ముందే వాళ్లిద్దరూ మొబికామ్‌లో, దూరపు లింకుల మీద వైఫై ‘విని మాట్లాడే’ పద్ధతి పనిచేయదనీ, ఒక టవరు మీది లింకులన్నీ ఒకేసారి పంపి, ఒకేసారి అందుకోవాలనీ చెప్పి, దానికో కొత్త ప్రోటోకాల్ ఇచ్చారు.

మన పల్లెలు ప్రపంచ కాన్ఫరెన్సుకు పనికిరావనే వాదన ఆ రోజుతోనే అయిపోయింది. “వాళ్లు ఐఐటీ వాళ్లు కదండీ” అంటారు. అవును. నాకు బాధ కలిగించేది కూడా అదే. టవర్లు మనవి, పొలాలు మనవి, చెట్ల ఎత్తు మనకు తెలుసు, ఏ నెలలో గాలి ఎటు కొడుతుందో మనకు తెలుసు. పేపరు కాన్పూర్ నుంచి వచ్చింది. రాసినవాళ్లకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే, వాళ్లు రాయకపోతే ఆ పని మూలన పడి ఉండేది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక ఫౌండేషన్ పనులు ఏ గతి పట్టాయో చెప్పనక్కర్లేదు. ఇనుము తుప్పు పట్టినా పేపరు నిలిచింది. ఇన్నేళ్లయ్యాక కూడా దాన్ని దించుకుని చదువుకోవచ్చు.

అది పాత కథ, ఇప్పుడు ఫైబరొచ్చింది, 5జీ వచ్చింది, ఇంకా ఏం మిగిలింది అంటారేమో. మిగిలినవి నాకు కనిపించినంతవరకు చెబుతాను.

కొల్లేటి చుట్టూ భూమి పళ్లెంలా చదును, సగం నీళ్లు. రేడియో తరంగానికి నీటి ఉపరితలం అద్దం. అటు ఒక టవరు, ఇటు ఒక టవరు, రెండూ 30 మీటర్లు, మధ్య దూరం 10 కిలోమీటర్లు అనుకోండి. తరంగం ఒకటి నేరుగా వస్తుంది, ఒకటి నీటి మీద పడి ఎగిరి వస్తుంది. ఈ రెండు దారుల తేడా దాదాపు 18 సెంటీమీటర్లు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. రెండు తరంగాలూ కలిసినచోట ఒకదానికొకటి తోడవుతాయా, ఒకదాన్నొకటి చంపుకుంటాయా అన్నది ఈ కొద్ది సెంటీమీటర్ల మీదే ఆధారపడి ఉంటుంది. ఇప్పుడు పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టారు. నీటిమట్టం మీటరున్నర దిగిందంటే తేడా 20 సెంటీమీటర్లకు చేరుతుంది. అంటే తరంగం పొడవులో దాదాపు ఆరో వంతు జరిగింది. పైగా ఇప్పుడు అద్దం స్థానంలో బురద ఉంది. కాబట్టి ఇక్కడ లింకు బలం రొయ్యల పంట క్యాలెండరుతో ముడిపడి ఉండాలి. ఎంత ముడిపడి ఉంది? రెండు చవక రేడియోలు, ఒక లాగ్ ఫైలు, చెరువుల్లో నీళ్లు ఎప్పుడు పెట్టారో ఎప్పుడు తీశారో రాసుకున్న పుస్తకం ఉంటే ఏడాదిలో చెప్పొచ్చు. సరస్సు మీద నుంచి లింకులు వేసినవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. పంటకో మారు నిండి, ఎండే వేల ఎకరాల అద్దం మీద ఏడాదంతా కొలవగలిగే చోటు మాత్రం అందరి పెరట్లో ఉండదు.

ఇంకోటి చూడండి, ఇది ఇంకా విలువైనదని నా నమ్మకం. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచు రాత్రి అదే ఆక్సిజన్‌ను తినేస్తుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువు తెల్లగా తేలిపోతుంది. అందుకని సెన్సరు పెట్టి, ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోన్‌కు మెసేజ్ పంపే పెట్టెలు అమ్ముతున్నారు. బాగుంది. మరి ఏరేటర్లు ఎందుకాగాయి? కరెంటు పోయింది. కరెంటు పోతే గట్టు మీది రూటరూ పోయింది. ఊరి సెల్ టవరు బ్యాటరీ మీదకు మారింది, ఆ బ్యాటరీ ఏ స్థితిలో ఉందో దేవుడికెరుక. కబురు తప్పనిసరిగా చేరాల్సిన ఆ ఒక్క ఘడియలోనే కబురు మోసే దారి బలహీనమవుతోంది. పాఠ్యపుస్తకాల్లో విశ్వసనీయత లెక్కలు చాలావరకు ఒక భాగం చెడిపోవడానికీ మరో భాగం చెడిపోవడానికీ సంబంధం లేదనుకుని కడతారు. ఇక్కడ మొత్తం ఒకే ఫ్యూజుకు వేలాడుతోంది. అలారం ఎన్ని రాత్రులు చేరింది, ఎన్ని రాత్రులు చేరలేదు, ఆలస్యం ఎంత, లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండులో లోరా అనే దూరపు రేడియో పెట్టి, కరెంటు ఉన్న పక్క ఫీడరు ఊరికి కబురు దాటిస్తే ఫలితం ఎంత మారుతుంది? ఈ కొలతలు సరిగా ఉన్న ఆరు పేజీలను హాట్‌నెట్స్ లాంటి వర్క్‌షాపు రివ్యూయర్ పక్కన పెట్టలేడు. ఒప్పుకుంటాడని హామీ ఇవ్వను. చివరిదాకా చదువుతాడని మాత్రం చెప్పగలను.

ఫైబర్ సంగతీ అంతే. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ వెలగపూడిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నారు. తవ్వకం ఖర్చు తప్పించడానికి తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. అదే నెలలో గూగుల్ వాళ్ల ఎక్స్ సంస్థ తీగ లేకుండా కాంతిపుంజంతో డేటా పంపే 2,000 లింకులు మన రాష్ట్రంలో పెడతామంది. స్తంభం మీది తీగ తుపాను గాలికి ఎన్నిసార్లు తెగుతుంది, భూమిలో వేసినదానితో పోలిస్తే ఇరవై ఏళ్లలో ఏది చవక? కాంతిపుంజానికి శత్రువు మంచు. ధనుర్మాసంలో కొల్లేటి మీద మంచు ఎలా దిగుతుందో మనకెవరైనా చెప్పాలా?

ఇన్ని ప్రశ్నలు కళ్ల ముందుంటే మన ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ఏముంటోంది? ‘మెరుగుపరచిన లీచ్’. సెన్సర్ల బ్యాటరీ ఆదా చేయడానికి ఎంఐటీ వాళ్లు 2000లో రాసిన మంచి ప్రోటోకాల్ లీచ్. ఆ తర్వాత దాన్ని మెరుగుపరచనివారు దేశంలో లేరు. వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు ఉన్న ఒక ఊహా చదరం, అందులో వంద చుక్కలు, పాత గీత కంటే కాస్త పైన నడిచే కొత్త గీత. ఆ చదరంలో వాన పడదు, గట్టు తెగదు, సెన్సరు మీద నాచు పట్టదు, ఎలుక వైరు కొరకదు. పిల్లాడు రోజూ చెరువు పక్క నుంచి వచ్చి, చెరువును మరిచిపోయి, ఆ చదరంలో కూర్చుంటున్నాడు. దీనికి పిల్లాణ్ని తప్పుపట్టను. చదరంలోని గీతకు అచ్చు గ్యారంటీ, చెరువులోని కొలతకు గ్యారంటీ లేదు అని చెప్పినవాళ్లనే తప్పుపడుతున్నాను.

“ల్యాబులేవి?” అనే అభ్యంతరం మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. నెట్‌వర్కు మొత్తాన్ని ఒక ల్యాప్‌టాప్‌లో నడిపించే మినినెట్ 2010లో హాట్‌నెట్స్ వర్క్‌షాపులోనే వచ్చింది, ఉచితం. నెట్‌వర్కును అనుకరించే ఎన్‌ఎస్-3 ఉచితం, దానిలో పోయే డేటాను చూపించే వైర్‌షార్క్ ఉచితం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైప్ సంస్థ అట్లాస్ పేరుతో చిన్న కొలత పెట్టెలను ప్రపంచమంతా స్వచ్ఛందంగా పెట్టుకునేవాళ్లకు ఇస్తుంది. ఒకటి పెట్టుకుంటే వచ్చే క్రెడిట్లతో మిగతా ప్రపంచంలోని పెట్టెల చేత మన కొలతలూ చేయించుకోవచ్చు. లేనిది ల్యాబు అనడం తేలిక. కొలిచే అలవాటు లేదనడం కష్టం.

ఇక అసలు భయం: “అక్కడ మనవి తీసుకోరండీ.” సిగ్‌కామ్‌లో వచ్చినవాటిలో దాదాపు ఐదో వంతే తీసుకుంటారు, నిజమే. అంటే పెద్ద పెద్ద యూనివర్సిటీల నుంచి వచ్చినవీ ఎక్కువభాగం తిరిగిపోతున్నాయన్నమాట. పంపేటప్పుడు పేపరు మీద మీ పేరు ఉండకూడదు, కాలేజీ పేరు ఉండకూడదు. ఉంటే చదవకుండానే పక్కన పెట్టొచ్చు. రివ్యూయర్ ఎవరో మీకు తెలియదు, మీరెవరో ఆయనకు తెలియదు. ముదినేపల్లి అడ్రసును చూసి తిప్పి పంపారనే మాటకు అక్కడ చోటు లేదు.

ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. పేరు దాచినంత మాత్రాన పోటీ సమానం కాదు. పెద్ద కంపెనీ డేటాసెంటర్లో వేల మెషిన్ల మీద నడిపిన ఫలితం పక్కన మన నాలుగు రేడియోల ఫలితం చిన్నగానే కనబడుతుంది. రాసే పద్ధతిలో, ఏ పాత పేపర్లను ప్రస్తావించాలో తెలియడంలో, బొమ్మలు గీయడంలో కూడా పరంపర ఉన్న ల్యాబుల పిల్లలకు ముందే సగం తెలుసు. ఈ రంగంలో పెరిగినవాళ్లకు ఇంట్లో అబ్బిన విద్య ఇది, మనవాళ్లు మొదటి తరం. దీన్ని లేదనను. అయితే దీనికి మందు పంపకపోవడమా? పంపితే సాధారణంగా ముగ్గురు చదువుతారు, ఆ రంగంలో పండినవాళ్లు. ఎక్కడ లెక్క తప్పింది, ఏ పాత పని చూడలేదు, ఏ ప్రయోగం చేసి ఉండాల్సింది అని పేజీల కొద్దీ రాసి పంపుతారు. దానికి పైసా తీసుకోరు. ఈ ఊళ్లో ఉండి అలాంటి పాఠం ఇంకెక్కడ చెప్పించుకుంటాం?

రొయ్యల వ్యాపారం తెలిసినవాళ్లకు ఇది అర్థం చేయించడం సులువు. మా రొయ్య 30 కౌంటండీ అని రైతు చెబితే కొనేవాడు తల ఊపి డబ్బిచ్చేయడు. వలలో పడ్డవాటిని తూచి, కిలోకు ఎన్ని తూగాయో లెక్కపెట్టి, అప్పుడు ధర చెబుతాడు. ఓడ ఎక్కే సరుకును మందుల అవశేషాలున్నాయేమోనని ల్యాబులో చూస్తారు, ఉంటే కంటైనరు వెనక్కొస్తుంది. ఆ వెనక్కొచ్చే భయం ఉంది కాబట్టే మన రొయ్యకు బయటి దేశాల్లో పేరుంది. రైతుబిడ్డలమని చెప్పుకునే మనం రొయ్యకు పెట్టిన పరీక్ష పేపరుకు వద్దంటున్నాం.

“పరీక్ష లేని కాన్ఫరెన్సులో వేసుకుంటే ఎవరికి నష్టమండీ, మా డబ్బు మేం కట్టుకుంటున్నాం” అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఈ సంగతులు వినాలి. 2005లో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు సైజెన్ అనే ప్రోగ్రాం రాశారు. అది అర్థం లేని కంప్యూటర్ సైన్స్ పేపర్లను గ్రాఫులతో, రిఫరెన్సులతో సహా దానంతటదే తయారుచేస్తుంది. అలా తయారైన ‘రూటర్’ అనే పేపరును ఒక అంతర్జాతీయ కాన్ఫరెన్సుకు పంపితే తీసుకున్నారు. నవ్వుకుని వదిలేసే ముచ్చటే అనుకున్నారు. 2014లో చూస్తే స్ప్రింగర్, ఐఈఈఈ సంస్థలు తాము అచ్చేసిన కాన్ఫరెన్సు సంకలనాల్లోంచి ఇలాంటి యంత్రపు చెత్తను 120కి పైగా పేపర్ల మేరకు తీసేయాల్సి వచ్చింది. మనవాళ్లు ‘ఐఈఈఈ పేరుందండీ’ అంటూ కళ్లకద్దుకునే ఐఈఈఈయే. పేరున్న అట్ట ఉంటే లోపల పరీక్ష జరిగినట్టు కాదు.

అదే 2014లో మరోటి జరిగింది. నెట్‌వర్కింగ్, సిస్టమ్స్ రంగాల్లో పేరున్న డేవిడ్ మజియేర్, ఎడ్డీ కోలర్ 2005లో ఒళ్లు మండి ఒక ఉత్తుత్తి పేపరు రాసి పెట్టుకున్నారు. నన్ను మీ ఈమెయిల్ జాబితాలోంచి తీసెయ్యండి అని ఒక బూతు కలిపి చెప్పిన ఏడు ముక్కల వాక్యమే మొదటి నుంచి చివరిదాకా, గ్రాఫుల్లో సైతం. పీటర్ వాంప్లూ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు దాన్ని తనకు పదేపదే మెయిళ్లు పంపుతున్న ఒక కంప్యూటర్ జర్నల్‌కు పంపాడు. ‘అత్యుత్తమం’ అని రివ్యూ వచ్చింది, 150 డాలర్లు కట్టమన్నారు. ఇదే కోలర్ రాసిన హాట్‌సీఆర్‌పీ అనే సాఫ్ట్‌వేర్ ద్వారానే ఇవాళ సిగ్‌కామ్‌తో సహా ఎన్నో మంచి కాన్ఫరెన్సులకు పేపర్లు వెళ్తున్నాయి. మంచి తలుపు కట్టినవాడే దొంగ తలుపును ఎగతాళి చేశాడు.

ఇవి అమెరికా కథలు అంటారా? మన హైదరాబాద్ కథ చెప్పుకుందాం. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ సంస్థ వందల జర్నళ్లు, కాన్ఫరెన్సులు నడిపింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దాని మీద కేసు వేసింది. సరైన రివ్యూ లేకుండానే ఉందని చెప్పారు, ఫీజు సంగతి ముందు చెప్పలేదు, కాన్ఫరెన్సులకు రాని ప్రముఖులను వస్తున్నట్టు చూపారు అన్నవి ఆరోపణలు. 2019లో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. తెలుగు నేల నుంచి శాస్త్ర ప్రచురణ ప్రపంచానికి చేరిన పెద్ద వార్తల్లో ఇదొకటి కావడం నాకు తలవంపుగా ఉంది. తలవంపు అనిపించనివాళ్లతో నాకు వాదన లేదు.

నష్టం ఎవరికి అన్న ప్రశ్నకు ఇంకా దగ్గరి జవాబూ ఉంది. ప్లేజరిజం శాతం తగ్గించడానికి ఎవరో రాసినదాన్ని పర్యాయపదాల యంత్రంలో తిప్పడం ఇప్పుడు మామూలైపోయింది. అలా తిప్పిన పేపర్లలో ‘బిగ్ డేటా’ కాస్తా ‘కలోసల్ ఇన్ఫర్మేషన్’ అయి కూర్చుంది. ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు 2021లో ఇలాంటి వికృత ప్రయోగాలను పట్టుకునే జల్లెడ తయారుచేశాక, అచ్చయినవి బయటపడుతూనే ఉన్నాయి. ఇరవై రెండేళ్ల పిల్లాడి పేరు అలాంటిదాని మీద ఉంటే అది చెరిగిపోదు. విదేశంలో నెట్‌వర్కింగ్ ప్రొఫెసర్ అప్లికేషన్ తీసి చూస్తే కాన్ఫరెన్సు పేరే చాలు, మిగతాది చదవడు. ఫీజు కట్టి కొనుక్కున్న లైను ఉపయోగపడకపోగా ఎదురు తిరుగుతుంది.

మరి లెక్చరర్ల సంగతి? ఇది నేను అన్నిటికంటే గౌరవంగా వినే అభ్యంతరం. వారానికి అన్ని క్లాసులు, ల్యాబులు, అక్రిడిటేషన్ ఫైళ్లు, అడ్మిషన్ల సీజన్లో ఇంటింటికీ తిరగడం. జీతం చూస్తే చెప్పుకోవడానికి ఉండదు. ఈ మనిషిని పట్టుకుని సిగ్‌కామ్ అంటే ఆయన నవ్వకేం చేస్తాడు? పాయింట్ల వలలోకి ఆయన ఇష్టపడి దిగలేదు. యూజీసీ 2010 నిబంధనలతో ప్రచురణలకు మార్కులు వేసే పద్ధతి వచ్చింది. ఎన్ని అచ్చయితే అంత అన్నాక, అచ్చు వేసే దుకాణాలు వెలిశాయి. 2018 మేలో యూజీసీయే తన ఆమోద జాబితాలోంచి 4,305 జర్నళ్లను తీసేసింది. 2022లో పీహెచ్‌డీ థీసిస్‌కు ముందు పేపరు ఉండాలన్న నిబంధన ఎత్తేసింది. 2025లో కేర్ అనే జర్నళ్ల జాబితానూ వదిలేసింది. పైనున్నవాళ్లు ఒక్కో ముడీ విప్పుతూ వచ్చినా, కింద కాలేజీల్లో సర్క్యులర్లు పాత లెక్కనే పట్టుకుని వేలాడుతున్నాయి.

అందుకే ఆయన్ని అడిగేది ఇంతే. ఎలాగూ మూడు పేపర్లు వేయక తప్పదంటున్నారు. ఆ మూడింటి సాయంత్రాలు, ఆ మూడింటి ఫీజులు ఒకచోట పోయండి. ముగ్గురు పిల్లల్ని ఒక్క చెరువు మీద ఏడాది కూర్చోబెట్టండి. రెండో ఏడాది జూనియర్లు అందుకుంటారు. అప్పుడు ఒక్క పేపరే వస్తుంది. మేనేజ్‌మెంటు మూడు అడిగితే? అడుగుతుంది. అక్కడ పోట్లాడాల్సింది లెక్చరర్ ఒక్కడే కాదు, లక్షల ఫీజు కడుతున్న తల్లిదండ్రులు కూడా. ఫలానా కాలేజీలో ప్లేస్‌మెంట్లు ఎన్ని అని అడిగే నోటితో, మీ పిల్లలు రాసిన పేపరును బయటివాడెవడైనా వాడుకున్నాడా అని ఏనాడైనా అడిగామా?

డబ్బు మాటలో మాత్రం లోకజ్ఞానుల వైపు న్యాయం ఉంది. పేపరు తీసుకున్నాక ఒకరు వెళ్లి చెప్పాలి. రిజిస్ట్రేషన్ వందల డాలర్లు, విమానం, పైన వీసా. మన పాస్‌పోర్టుకు వీసా సమయానికి వస్తుందన్న భరోసా లేదు, ఇది ఆ కాన్ఫరెన్సుల పెద్దలు సిగ్గుపడాల్సిన సంగతి. విద్యార్థులకు ప్రయాణ సాయం ఇస్తారు, అందరికీ అందదు. అయితే ముందు పేపరును వాళ్లు తీసుకోనివ్వండి, పంపడానికి ఖర్చులేదు. సిగ్‌కామ్ ఒకసారి మన దేశానికే వచ్చింది, 2010లో ఢిల్లీలో జరిగింది. కామ్‌స్నెట్స్ అయితే 2009 నుంచి జనవరిలో బెంగళూరులో జరుగుతోంది, రైలెక్కితే చాలు. పోస్టరు విభాగాలుంటాయి. రెండు పేజీలు రాసి, గోడకు అంటించుకుని, దాని ముందు నిలబడి వచ్చేపోయేవాళ్ల ప్రశ్నలు తట్టుకోవాలి. మొదటిసారికి అదే మంచి చోటు. నేరుగా పన్నెండు పేజీల సిగ్‌కామ్ పేపరుతో మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను, ఎన్‌ఐటీ తాడేపల్లిగూడెం పిల్లలకైనా, నూజివీడు ట్రిపుల్ ఐటీ పిల్లలకైనా.

ఒక జాగ్రత్త చెప్పాలి. చెరువు రైతు ఫోను, కరెంటు, పంట వివరాలు కొలిచేటప్పుడు ఆయన ఒప్పుకోవాలి, ఎందుకు కొలుస్తున్నామో ఆయనకు తెలుగులో తెలియాలి. మంచి కాన్ఫరెన్సులు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాయి. ఎన్ని చెరువులు ఎక్కడున్నాయన్నది కొల్లేటి దగ్గర ఎంత సున్నితమైన విషయమో, 2006లో అభయారణ్యంలోని చెరువు గట్లు కొట్టేసిన రోజులు చూసినవాళ్లకు వివరించక్కర్లేదు. మ్యాపు అచ్చేసే ముందు పదిసార్లు ఆలోచించాలి. ఇలాంటి సంగతి కాన్పూర్‌లో కూర్చున్నవాడికి తట్టకపోవచ్చు, మనకు తడుతుంది.

గడువుల విషయంలో ఒక చిన్న వెసులుబాటు కూడా ఉంది. ఈ కాన్ఫరెన్సుల్లో చాలావాటికి ఆఖరి ఘడియ ‘భూమ్మీద ఎక్కడైనా’ అనే లెక్కలో ఉంటుంది. అంటే భూగోళంలో ఆ తేదీ అన్నిటికంటే ఆలస్యంగా ముగిసే చోట రాత్రి 11.59 అయ్యేదాకా తీసుకుంటారు. మనకు అది మర్నాడు సాయంత్రం 5.29. రాత్రంతా కూర్చున్నాక కూడా ఒక పగలు చేతిలో ఉంటుంది. తప్పులు దిద్దుకోవడానికి, గ్రాఫుల కింద అక్షరాలు పెద్దవి చేయడానికి, పొరపాటున ఎక్కడైనా కాలేజీ పేరు మిగిలిపోయిందేమో వెతికి తీసేయడానికి అది చాలు.